విమర్శ గ్రూపు వల్ల మన బొమ్మ నిజంగా ముందుకెళ్తుందా?

తెల్లకాగితం (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్తే అందరికీ. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి అడగక తప్పట్లేదు.

మాది ఆరుగురి చిన్న గ్రూపు. ఇద్దరం చార్‌కోల్ (బొగ్గు), ఇద్దరు వాటర్‌కలర్, ఒకతను డిజిటల్, ఒక పెద్దాయన ఆయిల్స్. నెలకోసారి కలుస్తాం. ఎవరి బొమ్మలు వాళ్ళు గోడకి ఆనించి పెడితే మిగతావాళ్ళు మాట్లాడతారు. మొదట్లో ఎప్పుడు కలుస్తామా అని ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు వినబడేవి రెండే మాటలు. ఒకటి "చాలా బాగుందండీ". రెండోది మా పెద్దాయన "నేనైతే ఇక్కడ..." అని అందుకోవడం. ఆయన అందుకున్నారంటే ఆ పూట అయిపోయినట్టే.

పోయినసారి నేను పెట్టిన బొమ్మలో ఒక ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటుంది. పెద్ద కాగితం, మొత్తం చార్‌కోల్. మొహం ఇంకా ముదురు చెయ్యమని ఒకరన్నారు. కాదు, లేతగా చెయ్యమని ఇంకొకరు. కిటికీ తీసెయ్యమని డిజిటల్ అబ్బాయి. చేతులు మళ్ళీ వెయ్యమని పెద్దాయన. ఇంటికొచ్చి బొమ్మని గోడవైపు తిప్పి పెట్టేశాను.

ఇలాంటి గ్రూపు వల్ల మీలో ఎవరికైనా పని నిజంగా ముందుకెళ్ళిందా? వెళ్తే ఎలా వెళ్ళింది? లేకపోతే హాయిగా మానేసి ఒక్కదాన్నే వేసుకోనా?

---

బొగ్గుముక్క

మానేసే ముందు ఒక్క మాట చెప్పండి. బొమ్మ పెట్టి వాళ్ళని ఏమడిగారు?

"ఎలా ఉంది" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. అది మర్యాద, దాన్ని తప్పుపట్టలేం. అడగాల్సింది బొమ్మ గురించి కాదు, చూసేవాళ్ళ కళ్ళ గురించి. మొదట కన్ను ఎక్కడికెళ్ళింది, అక్కడినుంచి ఎటు పోయింది, ఎక్కడ ఆగిపోయింది. వీటికి ఎవరూ మొహమాటపడరు, ఎందుకంటే వాటిలో పొగడ్తా లేదు, తిట్టూ లేదు.

వచ్చేసారి ఇలా చేసి చూడండి. బొమ్మ మీద గుడ్డ కప్పి ఉంచండి. అందరూ కూర్చున్నాక గుడ్డ తీసి, పదంకెలు లెక్కపెట్టి మళ్ళీ కప్పెయ్యండి. ఏం గుర్తుందో ఎవరికి వాళ్ళు కాగితం మీద రాయాలి. అప్పటిదాకా నోరు మెదపకూడదు. నోటితో చెప్పిస్తే మొదట మాట్లాడినవాడి మాటే అందరి మాటా అయిపోతుంది. మీ పెద్దాయన అందుకోకుండా ఉండటానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలీదు.

---

మట్టిచేతులు

బొగ్గుముక్క గారు చెప్పింది నాకు నచ్చింది. నాది శిల్పం, అయినా ఇదే గొడవ.

మాట్లాడే వరస ముఖ్యం అక్కా. అమెరికన్ నృత్యదర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. క్రిటికల్ రెస్పాన్స్ ప్రాసెస్ అంటారు. డాన్సు కోసం పుట్టినా ఇప్పుడు అన్ని కళల్లోనూ వాడుతున్నారు. కళాకారుడు, చూసేవాళ్ళు, మధ్యలో నడిపించే మనిషి ఒకరు ఉంటారు. మొదట చూసేవాళ్ళు తమకి ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయిందో చెప్తారు. తర్వాత కళాకారుడే వాళ్ళని ప్రశ్నలడుగుతాడు. ఆ తర్వాత వాళ్ళు ఇతన్ని అడుగుతారు, కానీ ప్రశ్నలో అభిప్రాయం దాగి ఉండకూడదు. అభిప్రాయం చిట్టచివర. అదీ "ఫలానా దాని గురించి నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా" అని అడిగి, ఊ అంటేనే.

వినడానికి కాస్త అతిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. మా గ్రూపులో మొదలుపెట్టినప్పుడు నవ్వుకున్నాం. కానీ ఆ మూడోది, అభిప్రాయం లేని ప్రశ్న, ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. "మొహం ఎందుకంత చీకటిగా వేశారు" అన్నది ప్రశ్న కాదు, చీకటి ఎక్కువైందన్న తీర్పు. "మొహం మీద వెలుతురు గురించి ఏమనుకుంటూ వేశారు" అంటే ప్రశ్న. మొదటిది వినగానే మనిషి సమర్థించుకోవడంలో పడతాడు. రెండోది వింటే ఆలోచిస్తాడు.

---

చిటపట

బాగుంది. కళాకారుడి అనుమతి తీసుకుని అభిప్రాయం చెప్పాలట. రేపు ఎగ్జిబిషన్‌లో చూసేవాడు కూడా అర్జీ పెట్టుకుని మొహం చిట్లిస్తాడా?

నా మాట చేదుగా ఉంటుంది, అయినా చెప్తాను. గ్రూపులు బొమ్మల్ని చదును చేస్తాయి. ఆరుగురికీ నచ్చేదాకా మారుస్తూ పోతే చివరికి మిగిలేది ఎవరికీ అడ్డు తగలని బొమ్మ. వింతగా, మొండిగా ఉన్న చోటే ముందు అందరి వేలూ పడుతుంది. ఆ మొండితనమే ఆ బొమ్మకి ప్రాణం కావచ్చు. పెద్ద పెద్ద చిత్రకారులు గదిలో తలుపేసుకుని వేశారు గానీ కమిటీ పెట్టుకుని వెయ్యలేదు.

తెల్లకాగితం గారూ, మానెయ్యండి. ఆ పూట కూడా బొమ్మ వేసుకోవచ్చు.

---

పాతకుంచె

చిటపటా, నీ భయం నిజమే, నీ చరిత్రే సరిగ్గా లేదు.

పికాసో, బ్రాక్ అనే ఇద్దరు చిత్రకారుల సంగతి చూడు. 1908 నుంచి 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేదాకా ఒకరి స్టూడియోకి ఒకరు దాదాపు రోజూ వెళ్ళేవాళ్ళు. ఆ రోజు ఏం వేశారో చూసుకోవడం, వాదించుకోవడం. క్యూబిజం, అంటే వస్తువుని ముక్కలుగా విడదీసి ఒకేసారి పలు వైపులనుంచి చూపించే శైలి, ఆ రాకపోకల్లోంచే వచ్చింది. అంతకుముందు 1860ల చివర్లో పారిస్‌లోని కఫే గెర్బ్వాలో చిత్రకారుడు మానే చుట్టూ చేరి మోనే, దెగా, రెన్వార్ లాంటి తోటి చిత్రకారులు వాదించుకున్నారు. 1874లో ఫోటోగ్రాఫర్ నాదార్ పాత స్టూడియోలో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శన పెట్టినవాళ్ళలో చాలామంది ఆ బల్ల దగ్గరివాళ్ళే. మానే మాత్రం అందులో చేరలేదు. తలుపేసుకుని వేశారు, సరే. తలుపు తీసి చూపించుకున్నారు కూడా.

నీకు పనికొచ్చే ముక్క కూడా ఇదే కథలో ఉంది. 1911 నాటికి పికాసో, బ్రాక్ బొమ్మలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. అంత దగ్గరగా వచ్చేశాయి. వాళ్ళకి అది అప్పుడు కావలసిన దగ్గరతనం. అందరికీ అలా కలిసిరాదు. ఒకే గ్రూపులో చాలాకాలం ఉన్నవాళ్ళ బొమ్మలన్నీ ఒకే ఇంట్లో పుట్టినట్టు ఉండటం నేనూ చూశాను.

---

రీలురాజు

మాది యానిమేషన్, మాకు ఒంటరిగా వేసే సౌకర్యమే లేదు :) రోజూ షాట్ చూపించాలి, రోజూ నోట్స్ పడతాయి.

ఈ చదును అయిపోవడానికి పిక్సార్ అనే యానిమేషన్ సినిమాల స్టూడియోలో ఒక విరుగుడు కనిపెట్టారు. వాళ్ళ బ్రెయిన్‌ట్రస్ట్ గురించి విని ఉంటారు. సినిమా తయారవుతుండగా మిగతా దర్శకులూ రచయితలూ కూర్చుని చూసి, ఎక్కడ నడవడం లేదో దాపరికం లేకుండా చెప్తారు. చెప్పినదాన్ని పాటించాలన్న నిబంధన మాత్రం లేదు. తీసుకోవాలా వద్దా అన్నది ఆ సినిమా దర్శకుడి ఇష్టం. చెప్పేవాళ్ళకి అధికారం లేదు కాబట్టే నిర్మొహమాటంగా చెప్పగలరు, వినేవాడూ బెదరకుండా వినగలడు.

చిటపట గారు చెప్పే కమిటీకీ దీనికీ అక్కడే తేడా. ఓటు ఉంటే కమిటీ. మాట మాత్రమే ఉంటే గ్రూపు.

---

తెల్లకాగితం

ఇంత చర్చ వస్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్.

గుడ్డ కప్పే పద్ధతి చేసి చూస్తాను. ఎలాగూ ఈ వారాంతం కలుస్తున్నాం. పెద్దాయనకి ఏం చెప్పాలో మాత్రం తెలియట్లేదు. ఆయన చెడ్డవారు కారు. అందరికన్నా ఎక్కువ వేసినవారు, డ్రాయింగ్ మీద పట్టున్నవారు. ఒకసారి నా కాగితం మీదే బొగ్గు తీసుకుని భుజం సరిచేసేశారు. సరిచేసిన భుజం బాగానే ఉంది. కానీ తర్వాత ఆ బొమ్మ మీద నాకు చెయ్యి ఆడలేదు.

---

బొగ్గుముక్క

ఒకరి కాగితం మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఇందులో రెండో మాట లేదు. చూపించి తీరాలంటే పైన ట్రేసింగ్ పేపర్ పరిచి దాని మీద గీసి చూపించాలి. డిజిటల్ అయితే వేరే లేయర్. ఇష్టం లేకపోతే తీసి పక్కన పడేసే వీలుండాలి. అదీ అడిగాకే.

ఆయనతో గొడవ వద్దు. ఆయనకి తెలిసిన విషయం మీదే ఆయన్ని అడగండి. "ఈ మణికట్టు దగ్గర ఎముక తిరిగే తీరు సరిగ్గా వచ్చిందా" అని. డ్రాయింగ్ తెలిసినవారు కాబట్టి బంగారంలాంటి జవాబు దొరుకుతుంది. కాంపోజిషన్ (బొమ్మలో ఏది ఎక్కడుండాలన్న అమరిక) మీదా, భావం మీదా ఆయన మాట అందరి మాటల్లో ఒకటి, అంతే.

---

పాతకుంచె

దీనికి రెండు వేల ఏళ్ళ నాటి కథ ఒకటుంది. రోమన్ రచయిత ప్లీనీ రాసిపెట్టాడు. అపెలిస్ అనే గ్రీకు చిత్రకారుడు బొమ్మ పూర్తయ్యాక దారిన పోయేవాళ్ళకి కనబడేలా పెట్టి, తను వెనక దాక్కుని వాళ్ళ మాటలు వినేవాడట. ఒక చెప్పులు కుట్టే అతను చూసి, బొమ్మలో చెప్పుకి లోపలి పట్టీ ఒకటి తక్కువైందన్నాడు. అపెలిస్ దాన్ని దిద్దాడు. మర్నాడు ఆ మనిషి తన మాట చెల్లిందన్న ఉత్సాహంతో కాలు కూడా బాగాలేదనడం మొదలుపెట్టాడు. అపెలిస్ తల బయటపెట్టి, చెప్పు దాటి పైకి రావద్దన్నాడు.

అందరూ ఈ కథని చెప్పులు కుట్టే అతన్ని ఎగతాళి చెయ్యడానికి చెప్తారు. నాకు నచ్చేది మొదటి సగం. అంత పేరున్నవాడు దాక్కుని మరీ విన్నాడు, పట్టీ మాట నిజమని తేలగానే దిద్దాడు.

---

చిటపట

మేష్టారూ, కథ బాగుంది కానీ నాకు అందులో ఇంకొకటి కనబడుతోంది. కాలు నిజంగానే బాగాలేదేమో? అపెలిస్‌కి కోపం వచ్చింది కాబట్టి మనకి ఎప్పటికీ తెలీదు.

---

పాతకుంచె

హహ. ఒప్పుకున్నాను.

---

ఫ్రేమ్‌లోపల

మధ్యలో దూరుతున్నాను. నాది ఫోటోగ్రఫీ.

మా దగ్గర గ్రూపు చేసే పని వేరు. తీసేసిన ఫోటోలో భుజం దిద్దేది ఉండదు. ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి, దేని పక్కన ఏది రావాలి, ఇవే మా ప్రశ్నలు. చిన్న చిన్న ప్రింట్లు బల్ల మీద పరిచి అటూ ఇటూ జరుపుతాం. ఫోటో తీసినవాడికి ఆ ఫోటోతో పాటు ఆ రోజు పడ్డ కష్టం కూడా కనిపిస్తుంది. తెల్లవారకముందే లేచి, వానలో తడిసి తీసింది కదా అని మామూలు ఫోటోని వదల్లేడు. చూసేవాడికి ఆ వాన తెలీదు. ఎదురుగా ఉన్నదే తెలుసు. నాకు గ్రూపు కావాలనిపించేది అందుకే, ఆ వాన తెలియని కళ్ళ కోసం.

మీ ముసలావిడ బొమ్మకీ ఇది వర్తిస్తుందేమో చూడండి. సూదీ దారం మీకు అంత ముఖ్యమైతే అది మీకు తెలుసు కాబట్టి మీకు కనబడుతోంది. ఎదుటివాడికి కనబడుతోందా?

---

తెల్లకాగితం

చేశాం! వివరంగా రాస్తాను.

గుడ్డ తీశాను, పదంకెలు లెక్కపెట్టి కప్పేశాను. ఐదుగురూ రాశారు. పెద్దాయన కూడా, కాస్త సణుక్కుంటూనే.

ఐదు కాగితాల్లోనూ మొదటి మాట కిటికీ. అందరిదీ! ఇద్దరు "కిటికీలోంచి వెలుతురు, పక్కన ఎవరో ఆలోచిస్తున్నారు" అని రాశారు. ఒకరు "ప్రార్థన చేస్తున్న ఆవిడ" అన్నారు. చేతులు దగ్గరగా పైకెత్తి ఉన్నాయి కదా, అందుకు కాబోలు. సూది అని రాసింది ఒక్కరే, ఆయన మా పెద్దాయన. దారం ఎవరూ రాయలేదు.

నేను నెలంతా కుస్తీపట్టింది ఆ దారంతో. మరీ సన్నగా, తెల్లగా, నీడెడ్ ఎరేజర్‌ని (పిండిలా నలిపి వాడే మెత్తని రబ్బరు) మొన తేల్చి లాగాను.

నాకు బాధ కలగలేదు, అదే ఆశ్చర్యం. పోయినసారి "కిటికీ తీసెయ్" అన్నప్పుడు ఒళ్ళు మండింది. ఈసారి ఐదు కాగితాలు చూస్తే "ఓహో, ఇదా జరుగుతున్నది" అనిపించింది.

---

బొగ్గుముక్క

కారణం మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. కాగితం మొత్తంలో అన్నిటికన్నా తెల్లని చోటు ఎక్కడ? కిటికీ. అన్నిటికన్నా నల్లని చోటు? పందెం కాస్తాను, కిటికీ చట్రం. ఆ రెండూ అంచుకి అంచు తగిలేలా పక్కపక్కన ఉంటే కన్ను ఇంకెక్కడికీ పోదు. దారం ఎంత తెల్లగా లాగినా దాని వెనక ఉన్నది మధ్యరకం బూడిద రంగు చీర అయితే అది కనబడదు.

బొమ్మకి ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి, బొటనవేలి గోరంత చేసి చూడండి. అంత చిన్నదైనా కనబడేదే మీ బొమ్మ.

ఇంకో సంగతి. పోయినసారి వచ్చిన నాలుగు సలహాలు మళ్ళీ చదవండి. మొహం ముదురు, మొహం లేత, కిటికీ తీసెయ్, చేతులు మళ్ళీ వెయ్. ఒకదానికొకటి పడని మాటలు. కానీ నలుగురికీ ఇబ్బంది కలిగింది ఒక్కచోటే: కన్ను కిటికీ వదిలి ఆవిడ దగ్గరికి రావట్లేదు. ఎవరికి తోచిన మందు వాళ్ళు రాసిచ్చారు. నొప్పి ఉందన్నది నిజం, మందులు నలుగురివీ తప్పు కావచ్చు.

---

మట్టిచేతులు

ఇది చదివి ఒళ్ళు జలదరించింది. మా గ్రూపులో ఎన్నిసార్లు ఇదే జరిగిందో.

ఇంకొకటి అక్కా, "ప్రార్థన చేస్తున్న ఆవిడ" అని రాసిన కాగితం పారెయ్యొద్దు. అది తప్పుగా చూడటం కాదు. మీ చేతులు ఆ మాట కూడా చెప్తున్నాయి. మీకు కావాలో వద్దో మీరు ఆలోచించుకోవచ్చు.

---

ఇప్పుడేమొదలు

నమస్కారం, కొత్తగా చేరాను. ఒక సందేహం అడగొచ్చా?

నేను బొమ్మలు మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. ఒక ఆన్‌లైన్ గ్రూపులో పెడితే పర్‌స్పెక్టివ్ తప్పు, అనాటమీ తప్పు, రంగులు బురదలా ఉన్నాయి అని ఒకేసారి ఇరవై వ్యాఖ్యలు వచ్చాయి. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ తర్వాత పెన్సిల్ పట్టుకోబుద్ధి కాలేదు. నాలాంటివాళ్ళు గ్రూపులోకి వెళ్ళాలా, ముందు నేర్చుకుని వెళ్ళాలా?

---

బొగ్గుముక్క

వెళ్ళు తమ్ముడూ, కానీ ఇరవై విషయాలు ఒకేసారి విననవసరం లేదు. పెట్టేటప్పుడే రాయి: "ఇందులో వెలుగునీడలు మాత్రమే ప్రయత్నించాను, దాని గురించే చెప్పండి." మిగతావి ఎవరైనా చెప్తే థాంక్స్ చెప్పి వదిలెయ్. ఇరవై తప్పుల్ని ఒకే బొమ్మలో ఎవరూ దిద్దుకోలేరు. ఒకటి దిద్దుకుంటే వచ్చే బొమ్మలో పంతొమ్మిది ఉంటాయి.

---

ఫ్రేమ్‌లోపల

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఫోటో సరిగ్గా తియ్యి బాబూ. సగం "బురద రంగులు" బల్బు వెలుతురులో తీసిన ఫోటో పుణ్యమే. నీడపట్టున, పగటి వెలుతురులో, కెమెరాని బొమ్మకి సమాంతరంగా పట్టుకో. పక్కన ఒక పెన్సిల్ పెట్టి ఇంకో ఫోటో తీస్తే సైజు తెలుస్తుంది. గోడంత బొమ్మ, అరచేతంత బొమ్మ ఫోన్‌లో ఒకేలా ఉంటాయి. సైజు తెలియకుండా చేసే విమర్శ ఎక్కువగా గాల్లో దెబ్బే.

---

రీలురాజు

ఎప్పుడు చూపిస్తున్నావన్నది కూడా చెప్పాలి. మా దగ్గర రఫ్ అని రాసి ఉంటే ఎవరూ గీత శుభ్రత గురించి మాట్లాడరు, పోజు గురించే మాట్లాడతారు. అన్నీ అయిపోయాక పోజు మార్చమంటే చెప్పినవాణ్ణి కొట్టాలనిపిస్తుంది. బొమ్మలకీ అంతే. అగ్గిపెట్టె సైజు థంబ్‌నెయిల్స్ నాలుగైదు వేసి చూపిస్తే ఎవరు ఏమన్నా నష్టం లేదు, ఇంకోటి గీస్తావు. నెలరోజులు పనిచేసిన కాన్వాస్ మీద "కాంపోజిషన్ కుదర్లేదు" అంటే ఎవరికైనా ప్రాణం పోయినట్టుంటుంది.

మరీ ముందుగా చూపించినా చిక్కే. ఆలోచన ఇంకా నీకే స్పష్టంగా లేనప్పుడు నలుగురి మాటలు పడితే ఆ ఆలోచన అక్కడే చచ్చిపోతుంది. నేను మొదటి రఫ్ ఎవరికీ చూపించను, రెండోది చూపిస్తాను.

---

చిటపట

తమ్ముడికి నా సలహా: ముందు నీ బొమ్మని అద్దంలో చూసుకో. డావిన్చీ తన నోట్సులో చెప్పిందే. తిరగబడ్డ బొమ్మ ఇంకెవరో వేసినట్టు కనబడుతుంది, తప్పులు వాటంతటవే బయటపడతాయి. సగం పని అక్కడే అయిపోతుంది, ఇరవై మంది అక్కర్లేదు.

---

పాతకుంచె

అదే నోట్సులో డావిన్చీ ఇతరుల అభిప్రాయాలు ఓపిగ్గా వినమని కూడా చెప్పాడు చిటపటా. సగం చదివి వదిలేశావు.

---

చిటపట

మేష్టారు నన్ను వదలరు.

---

మట్టిచేతులు

చాలా గ్రూపుల్లో ఒక నియమం ఉంటుంది: మాట్లాడుతున్నంతసేపూ బొమ్మ వేసినవారు నోరెత్తకూడదు. రచయితల వర్క్‌షాపుల్లోనూ ఇది మామూలే. నాకు దీని మీద రెండు మనసులు.

మంచేమిటంటే సమర్థించుకోవడం ఆగుతుంది. "అక్కడ నేను అనుకున్నదేంటంటే" అని మొదలుపెట్టామంటే ఎదుటివాళ్ళు బొమ్మని వదిలేసి మన మాటల్నే చూస్తారు. బొమ్మ పక్కన మనం ఎప్పుడూ నిలబడి ఉండం కదా.

చెడు కూడా ఉంది. గ్రూపులో అందరూ ఒకే బడిలో నేర్చుకున్నవాళ్ళై, మీరు వేరే సంప్రదాయంలో వేస్తే ఏం జరుగుతుంది? లోతు చూపించకుండా, గట్టి గీతతో, పలచని రంగులు పరిచి వేసే పద్ధతులు లోకంలో ఎన్నో ఉన్నాయి. వాటి ముందు కూర్చుని "నీడలు లేవు, డెప్త్ లేదు" అని అరగంట మాట్లాడుకుంటారు. వేసినవాళ్ళు నోరుమూసుకుని వినాలి. ఇది విమర్శ కాదు, వాళ్ళకి తెలియని భాషకి వ్యాకరణ తప్పులు పట్టడం. మా గ్రూపులో ఒకమ్మాయి అందుకే వెళ్ళిపోయింది. ఆ తర్వాత నియమం మార్చాం. ముందు ఒక్క నిమిషం, ఏ దారిలో వేశారో, దేని కోసం చూడమంటారో చెప్తారు. ఆ తర్వాతే మౌనం.

వినేటప్పుడు నోట్స్ పక్కవాళ్ళతో రాయించుకోండి. మనమే రాసుకుంటే కుట్టిన మాటలే రాసుకుంటాం.

---

తెల్లకాగితం

కొంచెం ఆలస్యంగా వస్తున్నాను.

బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి గోరంత చేశాను. బొగ్గుముక్క గారూ, పందెం మీదే. చట్రం నలుపు, కిటికీ తెలుపు, మిగతా అంతా ఒకే బూడిద. ఆవిడ ఉందో లేదో కూడా తెలియలేదు.

ఇక్కడినుంచి నేను మీరెవరూ చెప్పినట్టు చెయ్యలేదు. కిటికీ తగ్గించి దారం తేల్చాలని కూర్చున్నాను. గుడ్డతో చట్రం నలుపు దులిపాను, అద్దం మీద పలచగా బొగ్గు రుద్దాను. దారం కనబడింది, నిజమే. కానీ బొమ్మ చల్లబడిపోయింది. అప్పుడు ఆ "ప్రార్థన" కాగితం గుర్తొచ్చింది. మళ్ళీ కొత్త కాగితం తీసుకుని, ఈసారి ఆవిడని జరిపాను. చేతులు కిటికీ ముందుకొచ్చాయి. ఇప్పుడు సూది ఆ తెలుపుకి అడ్డంగా సన్నని నల్ల గీత. దారం అసలు వెయ్యలేదు. రెండు వేళ్ళ మధ్య ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది.

గ్రూపులో పెట్టాను, మళ్ళీ గుడ్డ కప్పే ఆట. ముగ్గురు సూది రాశారు. ఇద్దరు చేతులు అని మాత్రమే రాశారు. ప్రార్థన అని రాసినావిడ మళ్ళీ ప్రార్థనే అంది. అది అలాగే ఉండనిస్తాను.

పెద్దాయన ట్రేసింగ్ పేపర్ తనే తెచ్చుకున్నారు ఈసారి. మణికట్టు గురించి అడిగాను. బొటనవేలి కింద కండ ఎలా ముడుచుకుంటుందో తన చెయ్యి ఎత్తిపట్టి చూపించి, అది ఒక్కటే చెప్పి ఊరుకున్నారు. డిజిటల్ అబ్బాయికి మాత్రం ఈ పద్ధతులు నచ్చలేదు, "ఇంత తతంగం ఎందుకు" అన్నాడు. వచ్చేనెల వస్తాడో రాడో.

---

చిటపట

ఆగండాగండి. గ్రూపు చెప్పిన మాట ఒక్కటీ వినలేదు, మీకు మీరే కొత్త బొమ్మ వేసుకున్నారు. అంటే నేను చెప్పిందే కదా?

---

రీలురాజు

ఆ కాగితాలు చూడకుండా ఆవిడని జరిపి ఉండేవారా?

---

చిటపట

ఏమో. జరిపి ఉండొచ్చు, ఇంకో ఏడాదికి.

సరే, ఏడాది కలిసొచ్చిందని ఒప్పుకుంటాను. అంతకన్నా ఒప్పుకోను. ఇలా దొరికే గ్రూపులు ఎన్ని? ఎక్కువ చోట్ల "సూపర్", "కేక", లేదంటే ఇందాక తమ్ముడికి పడినట్టు రాళ్ళు. ఆ రెండిట్లో ఒకటే దిక్కయితే నా ఓటు ఇప్పటికీ అద్దానికే.

---

పాతకుంచె

ఆ మాటకి నా అభ్యంతరం లేదు. చెడ్డ గ్రూపుకన్నా అద్దం మేలు. నమ్మకమైన ఒక్క మనిషి ఉన్నా చాలు, ఆరుగురే ఉండాలని లేదు. బ్రాక్‌కి ఉన్నది ఒక్కడే.

తెల్లకాగితం గారూ, ఇంకో చిన్న మాట. మీ గ్రూపులో అందరూ చదునైన బొమ్మలే వేస్తున్నట్టున్నారు. వీలైతే ఒక శిల్పినో, కుట్టుపని చేసేవాళ్ళనో అప్పుడప్పుడు పిలవండి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చెయ్యి ఎలా పట్టుకుంటారో మీ ఆరుగురికన్నా కుట్టేవాళ్ళకే బాగా తెలుసు. అపెలిస్‌కి చెప్పు సంగతి చెప్పింది ఎవరో చూశారుగా.

---

ఇప్పుడేమొదలు

అన్నా, వెలుగునీడల గురించి మాత్రమే అడిగి ఒక బొమ్మ పెట్టాను, మీరు చెప్పినట్టే. నాలుగే వ్యాఖ్యలు వచ్చాయి. మూడు పనికొచ్చేవి. నాలుగోది మళ్ళీ అనాటమీ. థాంక్స్ చెప్పి వదిలేశాను.

---

మట్టిచేతులు

భలే!

తెల్లకాగితం అక్కా, రెండు బొమ్మల ఫోటోలూ ఇక్కడ పెట్టగలరా? పాతది కూడా. పక్కన పెన్సిల్ పెట్టడం మర్చిపోకండి. మేమూ ముందు చూసి, రాసుకుని, తర్వాతే మాట్లాడతాం. చిటపట గారు సహా.

---

తెల్లకాగితం

రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. పాతదాన్ని ముందు గోడవైపు నుంచి ఇటు తిప్పాలి.

---

చిటపట

పెట్టండి. అడక్కుండానే చెప్తాను నేను, ముందే హెచ్చరిస్తున్నా.